అతికించాక అమైలేజ్ యాక్టివిటీ 30 శాతానికి పడిపోయిందంటే ప్రయోగం పోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: స్టార్చ్‌ను చక్కెరలుగా విరగ్గొట్టే ఎంజైమ్ ఆల్ఫా అమైలేజ్‌ని మాగ్నెటిక్ ఐరన్ ఆక్సైడ్ నానో కణాలకు గ్లూటరాల్డిహైడ్ అనే, రెండు చివరలా కొక్కేల్లా పట్టుకునే రసాయనంతో అతికించారు. చూస్తే యాక్టివిటీ, అంటే ఎంజైమ్ పని చేసే వేగం, 30 శాతమే మిగిలింది. స్థిరత్వం పెరుగుతుందని చదివితే ఇలా చచ్చిపోయిందేమిటి అని అడుగుతున్నారు.

చచ్చిపోయిందని ఎలా తేల్చారు? 30 శాతం అన్నది దేనిలో 30? ముందు అది చూడండి. మీరు 10 మిల్లీగ్రాముల ఎంజైమ్ పోశారనుకుందాం. కణాలను అయస్కాంతంతో పక్కకు లాగి, పైన మిగిలిన ద్రవంలోనూ కడిగిన నీళ్లలోనూ బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రొటీన్ కొలవాలి. అక్కడ 6 మిల్లీగ్రాములు తేలితే కణాలకు అంటుకున్నది 4 మాత్రమే. అంటే 40 శాతం ఎంజైమ్ 30 శాతం పని చేస్తోంది, అతుక్కున్న దానిలో ముప్పాతిక వంతు బతికే ఉంది. కడిగిన నీళ్లలో 2 మాత్రమే తేలితే కథ వేరు. 8 అతుక్కుని 30 శాతమే పని చేస్తోందంటే సగానికి పైగా దెబ్బతింది. మొదటిదైతే అతుకు పెంచాలి, రెండోదైతే గ్లూటరాల్డిహైడ్ గాఢతనో సమయాన్నో తగ్గించాలి. ఈ లెక్క లేకుండా ఏం మార్చినా చీకట్లో తడుముకోవడమే.

నేను గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినప్పుడు ఇంతకంటే ఘోరం. ఎంజైమ్ అసలు అతుక్కోనే లేదు. రెండు వారాలు కణాలు మళ్లీ మళ్లీ చేసుకున్నాను, కో-ప్రెసిపిటేషన్‌లో (ఐరన్ లవణాల ద్రావణం నుంచి కణాలు దిగేలా చేసే పద్ధతి) ఐరన్ నిష్పత్తి తప్పానేమోనని ఒకటే టెన్షన్. చివరికి సీనియర్ అక్క ఒకావిడ వచ్చి, ‘బఫర్ ఏం వాడుతున్నావే?’ అంది. బఫర్ అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం. ట్రిస్ అన్నాను. నవ్వేసింది. ట్రిస్‌లో అమైన్ గుంపు ఉంటుంది, గ్లూటరాల్డిహైడ్ పట్టుకునేది దాన్నే. గ్లూటరాల్డిహైడ్ కొక్కేలు నా ఎంజైమ్‌లో అమైన్ ఉండే లైసిన్లను పట్టుకోవాల్సింది పోయి ట్రిస్‌నే పట్టుకున్నాయి! గ్లైసిన్ బఫర్‌తోనూ ఇదే గొడవ. ఎంజైమ్ అమ్మోనియం సల్ఫేట్‌లో వచ్చి ఉంటే దాన్నీ డయాలిసిస్ చేసి వదిలించుకోవాలి. గ్లైసిన్ వాడాల్సిందల్లా చివర్లో, ఎంజైమ్ అతుక్కున్నాక ఖాళీగా మిగిలిన కొక్కేలను మూసేయడానికి.

అతికిస్తే గట్టిపడటం ఎందుకంటే, కాకర తీగను పందిరికి ఒక్కచోటే కడితే గాలికి మెలి తిరిగిపోతుంది, నాలుగైదు చోట్ల కడితే నిలుస్తుంది. ఎంజైమూ అంతే. చాలాచోట్ల బిగిస్తే వేడికి దాని మడతలు విప్పుకోవడానికి సందు తక్కువ, పక్క ఎంజైములతో కలిసి ముద్దకట్టే వీలూ తక్కువ. కానీ కట్టేటప్పుడు పిందెను కూడా కలిపి బిగిస్తే కాయ రాదు. ఎంజైమ్ పని జరిగే చోటు, అంటే యాక్టివ్ సైట్ దగ్గర అతుకు పడితే జరిగేది అదే. అతికించేటప్పుడు కొంచెం మాల్టోజ్ (అమైలేజ్ తయారుచేసే చక్కెర) కలిపి ఆ చోటును కాపాడే పద్ధతి ఒకటుంది, తర్వాత బాగా కడగకపోతే మాత్రం చక్కెరను రంగుతో కొలిచే డీఎన్ఎస్ పరీక్షలో ఆ మాల్టోజే రంగు చూపిస్తుంది. కణాలను ఓవెన్‌లో ఆరబెట్టి ఉంటే అదీ ఒక కారణం కావచ్చు. అవి గడ్డకట్టేస్తాయి, స్టార్చ్ లాంటి పెద్ద అణువు లోపలికి దూరలేదు.

ఇక స్థిరత్వం. అది వేరే పరీక్ష, మీరు ఇంకా చేసినట్టు లేరు. మాకు అది అనుకోకుండా జరిగింది. ఏప్రిల్ చివర్లో ఒక శనివారం ఫ్రిజ్ స్టెబిలైజర్ కాలిపోయింది. సోమవారం తలుపు తీస్తే వెచ్చటి ఆవిరి. పల్చగా కలిపి ఉంచిన మామూలు ఎంజైమ్ సగానికి పైగా పోయింది, కణాల మీదది చాలావరకు నిలిచింది. సంతోషంతో గెంతులేశాను గానీ, అది డేటా కాదని మా గైడ్ ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. సరైన పద్ధతి ఏమిటంటే, రెండింటినీ 60 డిగ్రీల దగ్గర పెట్టి, 10 నిమిషాలకోసారి కొంచెం తీసి చల్లార్చి కొలవాలి. దేని యాక్టివిటీని దాని సున్నా నిమిషం విలువతోనే పోల్చాలి. మిగిలిన యాక్టివిటీ సహజ లాగరిథమ్‌ను సమయంతో గీసి, ఆ గీత వాలు చూసి, 0.693ను దానితో భాగిస్తే అర్ధాయువు వస్తుంది. మీ 30 శాతం ఎంజైమ్ ఇక్కడ గెలవొచ్చు.

మళ్లీ మళ్లీ వాడే పరీక్షలో ఒక మోసం ఉంది. స్టార్చ్ మొత్తం విరిగిపోయేదాకా ఆగితే, సగం ఎంజైమ్ పోయినా ప్రతిసారీ నూరు శాతమే కనిపిస్తుంది. మొదటి కొద్ది నిమిషాల వేగమే కొలవండి. ఎంజైమ్ లేని ఉత్త కణాలతో బ్లాంక్ కూడా తప్పదు. డీఎన్ఎస్ రంగును 540 నానోమీటర్ల దగ్గర చూసేముందు అయస్కాంతంతో కణాలు పూర్తిగా లాగేయకపోతే ఆ గోధుమరంగే రీడింగ్ ఇస్తుంది. రేపు పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో చేసేవాళ్లకైతే ఈ బ్లాంక్ ఇంకా ముఖ్యం. ఐరన్ ఆక్సైడ్ నానో కణాలే పెరాక్సిడేజ్‌లా పనిచేస్తాయని 2007లోనే తేలింది.

మీరు వాడిన బఫర్ ఏమిటో, కడిగిన నీళ్ల బ్రాడ్‌ఫర్డ్ రీడింగులు ఎంతో కింద రాయండి. అవి చూస్తే రెండింటిలో మీది ఏ కథో చెప్పగలను.