డిటెక్టర్ కొంటానన్న మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, విజయనగరం నుంచి మీ మావయ్య ఆశీస్సులు.

కారు ఫొటోలు చూశాం. మీ అత్తకి రంగు తెగ నచ్చింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన డిటెక్టర్ లింకు కూడా చూశాను, అదే, పోలీసుల స్పీడు తనిఖీని ముందే పసిగట్టి కూత పెడుతుందనే పెట్టె. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. ఇంకా డబ్బు కట్టకపోతే కట్టకు.

అందులో ఉన్నది రాడార్ డిటెక్టర్. ఎక్స్, కె, కెఎ బ్యాండ్లన్నీ పట్టేస్తుందని గొప్పగా రాశాడు. అమెరికాలో పోలీసు రాడార్లు వదిలే తరంగాలవి. అక్కడ ఈ పెట్టె వాటిని దూరం నుంచే పసిగడుతుంది. అంత పేరున్న సరుకైనా, అక్కడే వర్జీనియా రాష్ట్రంలో కార్లో వాడటం నిషేధం. మన దగ్గర, ఇచ్ఛాపురం నుంచి ఆనందపురం దాకా, పోలీసు చేతిలో నేను ఎక్కువగా చూసింది, కాంతి కిరణంతో స్పీడు కొలిచే లేజర్ గన్. దాని కిరణం సన్నటి గీత. మూడు వందల మీటర్ల దూరంలో కూడా సుమారు ఒక మీటరు వెడల్పుకి మించి విచ్చుకోదు. నీ ముందున్న బండి మీద పెడితే నీ డిటెక్టర్‌కి తెలియనే తెలియదు. నీ మీదే పెడితే అర సెకను పట్టదు, నంబరు ప్లేటు ఫొటోతో సహా స్పీడు వాళ్ల తెర మీదకి వచ్చేస్తుంది. పెట్టె కూత పెట్టేది అప్పుడు! ఆ కూత విని నువ్వు చేసేదేముంది, చలానా కట్టడం తప్ప?

పైగా దానికి దొంగ కూతలెక్కువ. కె బ్యాండు ఇరవై నాలుగు గిగాహెర్ట్జ్. షాపింగ్ మాల్ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి చూడు, ఆ సెన్సర్లది దాదాపు అదే. అద్దంలో కనపడని పక్క బండిని పసిగట్టే, కొన్ని కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లదీ అంతే. మా ట్రావెల్స్‌లో ఒక డ్రైవరు ముచ్చటపడి పెట్టించుకున్నాడు. ఊళ్లోకి వస్తే చాలు అదే పనిగా అరిచేది. కొన్నాళ్లకి సౌండు ఆపేసి తిరిగాడు. ఇక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

రెండు కెమెరాల మధ్య దూరాన్ని ఎంతసేపట్లో దాటావో లెక్కగట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. అక్కడ కెమెరా ముందు బ్రేకు వేసి, దాటాక తొక్కేవాడి తెలివితేటలేవీ పనిచేయవు. అమ్మేవాడు పోలీసు గన్ సిగ్నల్‌ని చెడగొట్టే జామర్ కూడా ఇస్తానంటే, ఆ దుకాణం వంక మళ్లీ చూడకు. సర్కారు అనుమతి లేకుండా సిగ్నల్ జామర్ వాడటం నేరం. చలానా వెయ్యితో పోతుంది, ఇది కేసు దాకా పోతుంది.

మరైతే ఏం కొనాలి అంటావు. కొనే తీరాలనుకుంటే జీపీఎస్‌తో నడిచేది చూడు. అది దేన్నీ పసిగట్టదు. ఫలానా చోట కెమెరా ఉందని ముందే ఎక్కించిన పట్టిక చూసి చెబుతుంది. కాబట్టి డబ్బు పెట్టేది పెట్టెకి కాదు, ఆ పట్టికకి. మన దేశం పాయింట్లు ఉన్నాయా, అప్‌డేట్ ఎన్నాళ్లకోసారి, దానికి ఏటా డబ్బు కట్టాలా అని అడుగు. సమాధానం నసిగితే వదిలెయ్. నరసన్నపేట నుంచి ఇటు రోడ్డు ఆరు వరసలయ్యాక, ఫ్లైఓవర్లు, సర్వీసు రోడ్లు వచ్చాక, పాత మ్యాపుతో నడిచే పెట్టె నువ్వు పైన పోతుంటే కింద ఉన్నావనుకుంటుంది. ఎదురు వరస కెమెరాకి కూడా అరిచేది వద్దు. స్పీడు పరిమితిలో ఉన్నంతసేపూ నోరు మూసుకుని, దాటినప్పుడే పలికేది మంచిది.

నన్నడిగితే అదీ అక్కర్లేదు. నీ ఫోన్లో గూగుల్ మ్యాప్స్ కెమెరాలు చూపిస్తుంది, మ్యాపుల్స్ అనే మన దేశపు యాప్ కూడా చూపిస్తుంది. రెండూ ఉచితం. ఒక ఆదివారం శ్రీకాకుళం వచ్చి వెళ్లు. కెమెరా ఉందని నీకు ముందే తెలిసిన చోట్లు చూసుకుని, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి పెట్టు. ఏది ఎంత ముందు చెబుతోందో గమనించు. వంద స్పీడులో సెకనుకి ఇరవై ఎనిమిది మీటర్లు పోతావు. అర కిలోమీటరు ముందు చెబితే పద్దెనిమిది సెకన్లు చేతిలో ఉంటాయి. వంద మీటర్ల ముందు చెబితే సడన్ బ్రేకే, వెనక లారీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. సాలూరు ఘాట్ వైపు వెళ్తే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో, మధ్యలో సిగ్నల్ పోతుంది. లేజర్ గన్ పట్టుకుని చెట్టునీడన నిలబడ్డ కానిస్టేబుల్ ఏ మ్యాపులోనూ ఉండడు, అదీ గుర్తుంచుకో.

హోల్డర్ మాత్రం గట్టిది కొను. అద్దానికి అంటించే రబ్బరు కప్పు మే నెల ఎండకి ఊడి ఒళ్లో పడుతుంది. ఏసీ జాలీకి తగిలించేది నయం, ఫోనూ చల్లగా ఉంటుంది. దారి చూసే అద్దానికి అడ్డం రాకూడదు. మాట వినిపిస్తే చాలు, తెర చూస్తూ నడపకు.

నీ కారులోనే ఒక అలారం ఉంది, తెలుసా? 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ ఎనభై దాటితే బీప్, నూట ఇరవై దాటితే ఆగకుండా బీప్ తప్పనిసరి. దాన్ని తీయించమని షెడ్డు కుర్రాళ్లు చెబుతారు. తీయించకు. నాలుగు వరసల రోడ్డు మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి వంద. దాన్ని రాష్ట్రం తగ్గించొచ్చు, అందుకే బోర్డు మీద ఉన్నదే లెక్క. కెమెరా ఉన్న చోటికి ముందే బోర్డు పెట్టాలని 2021లో నిబంధన కూడా వచ్చింది. కానీ బోర్డు ఎడమ పక్కన ఉంటుంది, ఆ వరసలో లారీ ఉంటే కనపడదు. అప్పుడు ఫోను పనికొస్తుంది.

ఆర్సీలో నీ ఫోను నంబరు సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకో. అది తప్పయితే చలానా పడినా నీకు మెసేజ్ రాదు. మెసేజ్ వస్తే, అందులోని లింకు నొక్కకుండా పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూడు. చలానా పేరుతో వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపితే అది దొంగదే, నొక్కావంటే ఖాతా ఖాళీ.

ఇంతా చదివాక కూడా ఆ డిటెక్టర్ లింకు నొక్కాలనిపిస్తే, ఆ డబ్బుతో ముందుకీ వెనక్కీ రికార్డు చేసే డాష్‌క్యామ్ కొనుక్కో. వచ్చే వారం మీ అత్తతో కలిసి వస్తాను, బిగించేటప్పుడు నేనూ ఉంటాను.

ఇట్లు,
మీ మావయ్య