తల్లి ఒంట్లో కూతురు

ప్రశ్న: ‘ఫ్రీకీ ఫ్రైడే’లో తల్లీకూతుళ్ల శరీరాలు తారుమారవుతాయి కదండీ, ఆ ఐడియా మొదట ఎవరిది? పాత సినిమా చూడాలా, కొత్తదా?

జవాబు: దానికి ఆధారం మేరీ రోడ్జర్స్ 1972లో రాసిన నవల. కానీ 1882లోనే ఎఫ్. ఆన్‌స్టీ ‘వైస్ వెర్సా’ నవల్లో తండ్రీకొడుకుల్ని మార్చేశాడు. బోర్డింగ్ స్కూలంటే బెంగపడే కొడుకుతో ఆ పెద్దమనిషి ‘నీలా నేనూ కుర్రాడినైతే ఎంత బావుణ్ణు’ అని ఊరికే కబుర్లు చెప్తాడు, చేతిలో ఉన్నదేమో మన దేశం నుంచి వెళ్లిన, కోరిక తీర్చే గరుడ రాయి, ఇంకేముంది, అన్నంత పనీ అయిపోతుంది!

సినిమాల్లో నా ఓటు 2003 దానికే. తల్లి సైకాలజిస్టు, ఆవిడ ఒంట్లో ఉన్న టీనేజ్ పిల్ల పేషెంట్ల గోడు వినాలి... జేమీ లీ కర్టిస్ ఇరగదీసింది. 1976 దాంట్లో జోడీ ఫాస్టర్ భలే ఉంటుంది గానీ, చివర్లో ఆ కారు ఛేజింగ్ మరీ సాగదీశారు.