ఆ 20 సెకన్లు మీరు తీసినవా, దించుకున్నవా?

ప్రశ్న: ఒంగోలులో కంప్యూటర్ శిక్షణ సంస్థ నడుపుతున్నాను. 2021లో ప్రారంభోత్సవానికి, యాపిల్ మెకింటాష్‌ను పరిచయం చేసిన ‘1984’ ప్రకటన తరహాలో ఒక వీడియో చేయించి యూట్యూబ్‌లో పెట్టాను. అమ్మాయి పరుగెత్తుకొచ్చి తెర మీదికి సుత్తి విసిరే షాట్లు 20 సెకన్లు అసలు ప్రకటనవే. తెర మీది నియంత మొహం చోట పక్క వీధి సంస్థ లోగో పెట్టాం. మొన్న యూట్యూబ్ వీడియో తీసేసింది, లాయరు నోటీసూ వచ్చింది. ఆ ప్రకటనకు ఆధారమైన జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల కాపీరైట్ అయిపోయిందని, మూడేళ్లు దాటితే కేసే ఉండదని మిత్రులు అంటున్నారు. అప్పు చేసి పెట్టిన సంస్థ. ఏం చేయాలి?

జవాబు: అప్పు గురించి పేజీన్నర రాశారు. నోటీసు ఎవరు పంపారో మాత్రం రాయలేదు, ప్రతి కూడా జతచేయలేదు. యాపిల్ పంపితే అది కాపీరైట్ వివాదం. పక్క వీధి సంస్థ పంపితే 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 29(8) సెక్షన్ కింద, పరువు తీశారన్న ఆరోపణ. రెంటికీ జవాబులు వేరు. ముందు ఆ కాగితం సరిగ్గా చదవండి.

కాపీరైట్ సంగతి తేల్చేది ఆ 20 సెకన్లే. ఆర్వెల్ 1950లో చనిపోయాడు కాబట్టి మన దేశంలో ఆ నవలకు రక్షణ 2010తో ముగిసింది, మీ మిత్రులు అంతవరకు కరెక్టే. కానీ మీరు దించుకున్నది నవల కాదు, రిడ్లీ స్కాట్ తీసిన ఫిల్ము. 1957 కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఫిల్ముకు రక్షణ, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. 1984 జనవరి 22న అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ ‘సూపర్ బౌల్’ మధ్యలో వచ్చిన ప్రసారాన్ని లెక్కిస్తే 2044 చివరిదాకా ఉంటుంది. అవార్డులకు అర్హత కోసం 1983 చివర్లోనే అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక చిన్న టీవీ స్టేషన్‌లో వేశారు, దాన్ని పట్టుకుంటే 2043. మీకు రెండూ ఒకటే. 14(డి) ప్రకారం ఫిల్ములోని ఒక్క బొమ్మను ఫొటో తీసినా కాపీయే. సరదాకి చేశామంటే 52వ సెక్షన్ కాపాడదు. విమర్శకు, సమీక్షకు మినహాయింపు ఉంది, అడ్మిషన్ల ప్రచారానికి లేదు.

ఇక మూడేళ్ల మాట. దావా వేసే గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్ 88 నష్టపరిహారానికి మూడేళ్లే ఇస్తుంది, నిజమే. కానీ వీడియో మొన్నటిదాకా అందరికీ కనిపిస్తూనే ఉంది. జరుగుతూనే ఉన్న ఉల్లంఘనకు 22వ సెక్షన్ కింద గడువు ఏ రోజుకారోజు కొత్తగా మొదలవుతుందని అవతలి లాయరు వాదిస్తాడు. మూడేళ్ల గడువును నమ్ముకుని కూర్చోవద్దు.

యూట్యూబ్‌లో ‘కౌంటర్ నోటిఫికేషన్’ అనే మీట కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు! పొరపాటున తీసేశారని అమెరికా చట్టం కింద ప్రమాణపూర్వకంగా చెప్పడం, అక్కడి ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవడం దాని అర్థం. పొరపాటు లేదని మీకే తెలుసు. నోటీసు అందాక కూడా ఆ వీడియో వాడితే ‘తెలిసి చేసిన’ నేరమవుతుంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, పైగా అది నాన్‌బెయిలబుల్ అని 2022లో నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కంగారుపడి ఫైళ్లు చెరిపేయకండి. ఎడిటింగ్ ప్రాజెక్టు, ఎడిటర్ బిల్లు, వాట్సాప్ సంభాషణ, యూట్యూబ్ ఈమెయిల్ ఒక హార్డ్‌డిస్క్‌లో భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ఏ పరికరంలోంచి, ఎలా తీశారో ధ్రువీకరించే పత్రం) లేకపోతే కోర్టులో అవేవీ నిలబడవు. తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, కేబుల్ చానెల్ అన్నిచోట్లా వీడియో తీయించి, గడువులోగా లాయరు ద్వారా జవాబివ్వండి: వీడియో తొలగించాం, మళ్లీ వాడం, తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఈ మూడు మాటలు చాలు, కథ వద్దు.

మళ్లీ ప్రకటన కావాలంటే సొంతంగా చిత్రీకరించుకోండి. ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే చెప్పారు. ఫిల్మును అలాగే దించితేనే కాపీ అని బొంబాయి హైకోర్టు 2003లో అంది. టైర్ల ప్రకటనల కేసులో ఢిల్లీ హైకోర్టు 2019లో దాంతో విభేదించి, సారం ఒకటైనా కాపీ కావచ్చంది. అందుకని షాట్ల వరుస, దుస్తులు, చివరి వాక్యం మార్చండి. పక్క సంస్థ లోగో మాత్రం ఏ రూపంలోనూ కనిపించకూడదు.