అమ్మకి ఐవీసీ ఫిల్టర్ వేయాలంటున్నారు, వేయించొచ్చా? (మా నాన్నకి వేయించి, తీయించిన అనుభవం)

అమ్మకి తుంటి విరిగి కాలిలో క్లాట్ (రక్తం గడ్డ) వచ్చింది, అల్సర్ నుంచి రక్తం పోతోందని బ్లడ్ థిన్నర్ ఆపేశారు, ఇప్పుడు గడ్డ ఊపిరితిత్తులకి పోకుండా పొట్టలోని పెద్ద సిరలో (ఐవీసీ) ఫిల్టర్ అంటున్నారు, ఇది టెస్ట్ చేసిన వస్తువేనా లేక మా అమ్మ మీదే ప్రయోగమా అని అడిగారు కదండీ. నేను డాక్టర్‌ని కాదు, ముందే చెప్తున్నా.

నాన్నకి బైక్ యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగింది, తలలో కూడా కొంచెం బ్లీడింగ్. ఐదో రోజు పొద్దున దుప్పటి తీసి చూస్తే ఎడమ పిక్క ఉబ్బిపోయి నిగనిగలాడుతోంది, డాప్లర్ స్కాన్ చేస్తే తొడ సిరలో క్లాట్. అది ఊడి ఊపిరితిత్తులకి వెళ్తే ప్రాణం మీదకొస్తుంది, ఆపుదామని రక్తం పలచబరిచే మందు ఇస్తే తలలో రక్తం ఎక్కువవుతుంది, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు అయిపోయింది మా పరిస్థితి. అప్పుడు వేశారు ఫిల్టర్. మెడ దగ్గర సూది, లోకల్ మత్తు, అరగంట పని అంతే. కాళ్ల నుంచి రక్తం గుండెకి వెళ్లే పెద్ద సిర పొట్టలో ఉంటుంది కదా, అందులో గుడ్డ ఊడిన గొడుగు ఊచల్లా సన్నటి తీగలు పెడతారు, రక్తం పోతుంది, పెద్ద గడ్డ వస్తే చిక్కుకుంటుంది.

టెస్టుల సంగతి నేను తర్వాత రాత్రిళ్లు కూర్చుని చదివా. ఫ్రాన్స్‌లో 400 మందికి మందు ఇస్తూనే సగం మందికి ఫిల్టర్ వేసి చూశారు, 1998లో వచ్చింది ఆ రిజల్ట్. మొదటి 12 రోజుల్లో ఊపిరితిత్తుల్లో క్లాట్ ఫిల్టర్ ఉన్నవాళ్లలో 1.1 శాతం, లేనివాళ్లలో 4.8. భలే ఉంది కదా అనుకునేలోపు రెండేళ్ల లెక్క చూస్తే కాలిలో మళ్లీ క్లాట్ వచ్చింది ఫిల్టర్ ఉన్నవాళ్లకే ఎక్కువ, 20.8 శాతం, లేనివాళ్లకి 11.6, చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి పర్మనెంట్ రకం. తీసేసే రకంతో మళ్లీ అక్కడే 399 మంది మీద చేశారు, 2015లో వచ్చింది, మందు వాడుతున్నవాళ్లకి అదనంగా ఏమీ ఒరగలేదు. మనకి దగ్గరగా ఉండేది 2019లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్టడీ: పెద్ద దెబ్బలు తగిలి మందు ఇవ్వలేని 240 మంది. మొత్తం మీద అందులోనూ తేడా లేదు, కానీ వారం దాటినా మందు మొదలుపెట్టలేనివాళ్లని విడిగా చూస్తే ఫిల్టర్ లేని 34 మందిలో 5గురికి ఊపిరితిత్తుల్లో క్లాట్, ఉన్న 46 మందిలో ఒక్కరికీ లేదు. చిన్న లెక్కే, అయినా నాన్న పరిస్థితీ దాదాపు అలాంటిదే కాబట్టి వేయించినందుకు నాకు బాధ లేదు.

బాధల్లా తీయించడం గురించే. మూడు వారాలకి తల స్కాన్ బాగుందని మందు మొదలుపెట్టారు, డిశ్చార్జ్ చేశారు, ఫిల్టర్ ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. డిశ్చార్జ్ సమ్మరీ మూడో పేజీలో "ఐవీసీ ఫిల్టర్ ఇన్ సిటు" (అంటే ఫిల్టర్ లోపలే ఉంది) అని ఒక్క ముక్క ఉంది. స్టాఫ్ నర్స్‌గా చేసే మా మరదలు ఒక పెళ్లిలో "బావా, మామయ్యకి ఆ ఫిల్టర్ తీయించారా?" అని అడిగితే నా చేతిలో స్వీట్ అలాగే ఉండిపోయింది, అప్పటికి ఐదు నెలలు. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనే చెప్పిందట, గండం గడిచినవాళ్లకి వేసిన 29 నుంచి 54 రోజుల మధ్య తీసేస్తే మేలని.

తీయడానికి మళ్లీ మెడలోంచే వెళ్లారు, ముందు డై ఎక్కించి లోపల గడ్డ చిక్కుకుందేమో చూసుకున్నారు, లేదు. కానీ ఫిల్టర్ కాస్త ఒరిగి, ఉచ్చు వేసి లాగే కొక్కెం సిర గోడకి అతుక్కుపోయింది. ముప్పావు గంట అన్నది రెండున్నర గంటలు పట్టింది, నేను బయట కుర్చీలో గోళ్లన్నీ కొరికేసుకున్నా. తర్వాత ఆ డాక్టర్ గారే స్టీల్ గిన్నెలో పెట్టి చూపించారు, అగ్గిపుల్లంత పొడుగు, ఊచల చివర్లలో తెల్లగా పీచులా ఏదో పట్టుకుని ఉంది.

అమ్మగారికి నిజంగానే థిన్నర్ ఇవ్వలేం అంటే ఫిల్టర్ వేయించండి, నా ఓటు అదే. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందే తీసే రకమేనా, ఎవరు తీస్తారు, ఏ తేదీకి రమ్మంటారు అని అడిగి సమ్మరీలో రాయించుకోండి, తీయడానికి ఖర్చు వేరేగా ఎంతో కూడా. ఎండోస్కోపీ చేసిన డాక్టర్ గారిని కూడా అడగండి, అల్సర్ మానాక థిన్నర్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చని, ఆయన చెప్పేదాన్ని బట్టే ఫిల్టర్ తీసే తేదీ తేలుతుంది.