ఒంగోలు హైవే హత్యల మున్నా గురించి ఒక లారీ డ్రైవరు కూతురిగా నాకు తెలిసింది

“ఒంగోలు హైవే హత్యల మున్నా ఎవరు? వరసగా మనుషులు మాయమవుతుంటే వెంటనే ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు?” అని అడిగారు. మొదటి ప్రశ్నకు అప్పటి పేపర్లు తిరగేస్తే జవాబు దొరుకుతుంది. రెండోదానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. అందుకే రాస్తున్నాను.

మా నాయన 27 ఏళ్ళు లారీ తోలాడు. మాది కావలి దగ్గర ఒక పల్లె. ఆయన ఎక్కువగా తిరిగింది చెన్నై, కలకత్తా లైను. అప్పట్లో దాన్ని ఐదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 16. పోయేటప్పుడు ఏ లోడు దొరికితే అది, వచ్చేటప్పుడు బెంగాల్లోని దుర్గాపూర్ నుంచో విశాఖపట్నం నుంచో ఇనుము. ఇంటి నుంచి హైవే కనపడదు కానీ రాత్రిపూట వినపడుతుంది. లారీ హారన్ వినపడితే మా అమ్మ నిద్రలోనే తల ఎత్తేది. ఊరి మలుపు దగ్గర రెండు సార్లు హారన్ కొట్టి పోవడం నాయనకు అలవాటు. ఆగే టైం లేకపోయినా నేను బాగానే ఉండానని చెప్పడం అన్నమాట.

ఇక మున్నా సంగతి. అసలు పేరు అబ్దుల్ సమద్, ఒంగోలువాడు. 2008లో ఒక ముఠాను కూడగట్టుకుని హైవే మీద లోడు లారీలను, ముఖ్యంగా ఇనుము లారీలను, కాపు కాసేవాడు. అధికారుల్లాగా చేయెత్తి బండి ఆపేవాళ్ళు. కాగితాలు చూపించమని అడిగేవాళ్ళు. డ్రైవరు ఆర్సీ బుక్కు, లైసెన్సు, సరుకు బిల్లు చేతిలో పట్టుకుని వాళ్ళ ముందు నిలబడ్డాక మీద పడి నైలాన్ తాడుతో మెడ బిగించి చంపేవాళ్ళు. క్లీనరును కూడా వదిలేవాళ్ళు కాదు. సాక్షి మిగలకూడదు కదా. శవాలను జనం తిరగని చోట పూడ్చిపెట్టి, సరుకును అమ్ముకుని, లారీని ముక్కలు చేసి తుక్కు కింద వదిలించుకునేవాళ్ళు. ఒంగోలు పక్కనుండే మద్దిపాడు దగ్గర గోడౌను అద్దెకు తీసుకుని ఈ పనంతా నడిపారు.

ఇనుమునే ఎందుకు ఎంచుకున్నారని నేను నాయనను అడిగాను. “ఇనప కడ్డీకి ఊరూ పేరూ ఏముంటాయమ్మే? పొగాకు అయితే బేలు మీద గుర్తుంటది. కడ్డీ కడ్డీయే, ఎవరు కొన్నా రేటు చూసుకుంటారు, అంతే” అన్నాడు. లారీ కూడా అంతే. ముక్కలైపోయాక ఇంజనుకో రేటు, టైర్లకో రేటు. చివరికి గుర్తుపట్టగలిగినవి రెండే మిగులుతాయి, డ్రైవరు, క్లీనరు. వాళ్ళనే మట్టిలో పెట్టేశారు.

చాలామంది అడిగేది, ఇద్దరు మగవాళ్ళు ఉన్న బండిని నడిరోడ్డు మీద అంత తేలిగ్గా ఎలా ఆపారని. లారీ బతుకు తెలిస్తే ఈ ప్రశ్న రాదు. డ్రైవరుకు భయం దొంగ అంటే కాదు, చేయెత్తిన మనిషి అంటే. ఆపకపోతే కేసు, బండి లోపల పెడతారు, ఓనరు తిడతాడు, ట్రిప్పు పోతుంది. చీకట్లో టార్చి లైటు ఊపుతూ ఎవరు నిలబడినా ముందు కాలు బ్రేకు మీదకు పోతుంది. ఆ తర్వాతే మనిషి ఎవరా అని చూసేది. దిగేటప్పుడు వినయంగా దిగాలి, కాగితాల సంచి రెండు చేతులతో ఇవ్వాలి. క్లీనరు పిల్లాడు వెనక సీటు మీద నిద్రలో ఉంటాడు. ఆ ముఠా మొత్తం బలం ఈ అలవాటు మీదే నిలబడింది. కత్తులూ తుపాకులూ చూపించి బెదిరించి ఆపాల్సిన పనే లేకపోయింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను.

ఆ కేసు బయటపడడానికి కొన్ని నెలల ముందు, అదే 2008 ఎండాకాలంలో, మా నాయన దుర్గాపూర్ నుంచి ఇనుము లోడుతో వస్తూ ఒడిశాలో ఆగిపోయాడు. బండి యాక్సిల్ విరిగింది. ఊరు దూరం, మెకానిక్కు దొరకలేదు, సెల్లులో ఛార్జింగ్ అయిపోయింది. బండినీ లోడునూ వదిలి టెలిఫోన్ బూత్ వెతుక్కుంటూ పోలేడు. అప్పట్లో లారీల్లో జీపీఎస్ ఉండేది కాదు. ఫోన్ రాకపోతే మనిషి ఎక్కడున్నాడో తెలిసే దారే లేదు.

మూడో రోజు సాయంత్రం ఓనరు మా ఇంటికొచ్చాడు. పదేళ్ళు ఆయన దగ్గరే పని చేశాడు నాయన. మా అమ్మ ఆయనకు మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు ముట్టుకోకుండా, “ఏమ్మా, మీ ఆయన లోడు ఎక్కడన్నా అమ్ముకున్నాడా? నిజం చెప్తే కేసు లేకుండా చూస్తా” అన్నాడు. నేను అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చాను. ఆ మాట అన్నప్పుడు వాకిట్లో ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం వండలేదు.

ఐదో రోజు నాయన ఫోన్ చేశాడు. బండి బాగైంది, లోడు చేరింది, ఒక్క కడ్డీ కూడా తగ్గలేదు. ఓనరు మళ్ళీ మా ఇంటికి రాలేదు, ఆ మాట వెనక్కి తీసుకోనూ లేదు. ఆయనొక్కడినే తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. లారీ రాకపోతే అందరి ఆలోచనా ముందు అక్కడికే పోయేది. బండీ లోడూ మాయమైతే డ్రైవరు అమ్ముకుని పారిపోయినట్టే. డ్రైవరుకు ఏమైందో అని ఎవరికీ తట్టేది కాదు.

మున్నా ముఠాకు కలిసొచ్చింది ఇదే. చచ్చిపోయిన మనిషినే దొంగ అనుకుంటుంటే హంతకుడి కోసం ఎవరు వెతుకుతారు? పైగా ఓనరు ఒక రాష్ట్రం, డ్రైవరుది ఇంకో ఊరు, సరుకు ఎక్కింది బెంగాల్లో, దిగాల్సింది తమిళనాడులో. మనిషి మాయమైంది దారిలో ఎక్కడో తెలియదు. ఏ స్టేషనులో చెప్పుకోవాలి? వాళ్ళ ఇంటివాళ్ళు తమిళంలోనో హిందీలోనో ఏడుస్తుంటే ఒంగోలు దాకా ఎలా వినపడుతుంది?

చివరికి తీగ దొరికింది అలాంటి ఒక లారీ దగ్గరే. దుర్గాపూర్ నుంచి కల్పాక్కం వైపు ఇనుము లోడుతో బయల్దేరిన బండి చేరలేదని తమిళనాడు ఓనరు ఒకాయన వెతుక్కుంటూ వచ్చి, 2008 అక్టోబరులో ఒంగోలులో ఫిర్యాదు చేశాడు. దాన్ని పట్టుకుని లాగితే ఒక్కో లారీ కథా బయటికొచ్చింది. మద్దిపాడు ప్రాంతంలో పూడ్చిన శవాలను తవ్వి తీశారు.

ఆ వార్త వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మకు చదువు రాదు, నేనే పైకి చదివాను. దుర్గాపూర్, ఇనుము, డ్రైవరు, క్లీనరు అన్న మాటలు వినపడగానే చేతిలో పని ఆపేసింది. చాలాసేపటికి ఒక్క మాట అడిగింది. “వాళ్ళ ఇళ్ళకీ ఓనర్లు పోయుంటారు గదా?”

నాయన ఆ సమయంలో లైను మీదే ఉన్నాడు. వచ్చాక అమ్మ లారీ మానేయమంది. మానలేదు, ఇంకే పని వచ్చని? కాకపోతే ఒంగోలుకు అటూ ఇటూ, మేదరమెట్ల దాటాక సింగరాయకొండ వచ్చేదాకా, రాత్రిపూట ఒంటరిగా తోలడం మానుకున్నాడు. దాబా దగ్గర ఆగి, మన లైను బండ్లు మూడో నాలుగో కూడాక ఒకదాని వెనక ఒకటి కదిలేవాళ్ళు. క్లీనరును నిద్రపోనిచ్చేవాడు కాదు. ఎవరు చేయెత్తినా బండి ఆపేవాడు కానీ ఇంజన్ ఆపేవాడు కాదు. వెలుతురు ఉన్న చోట తప్ప కిందికి దిగేవాడు కాదు. నాకు ఊహ తెలిశాక ఆయన భయపడడం చూసింది అప్పుడే.

మున్నాను సీరియల్ కిల్లర్ అనొచ్చా అని కూడా కొందరు వాదిస్తుంటారు. వేర్వేరు సందర్భాల్లో, మధ్యలో విరామంతో, ఒకే పద్ధతిలో మనుషులను చంపినవాడు అన్న అర్థంలో అయితే అవును. కానీ ఆ మాట వినగానే మనకు మనసు చెడిపోయి ఒంటరిగా తిరిగే మనిషి గుర్తొస్తాడు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఇది లాభం లెక్క వేసుకుని నడిపిన వ్యాపారం. ఆపేవాళ్ళు కొందరు, చంపేవాళ్ళు కొందరు, అమ్మిపెట్టేవాళ్ళు కొందరు. 2019లో ఏలూరు పోలీసులు పట్టుకున్న వెల్లంకి సింహాద్రి సంగతి కూడా ఇలాంటిదే. ప్రసాదంలో సైనైడు కలిపిచ్చి 20 నెలల్లో 10 మందిని చంపాడని పోలీసులు చెప్పారు. అక్కడా డబ్బే, నగలే. అతను భక్తినీ ఆశనూ వాడుకుంటే, వీళ్ళు అధికారం అంటే ఉండే భయాన్ని వాడుకున్నారు. నాకు పిచ్చివాడి కంటే ఇలా లెక్క వేసుకుని చంపేవాళ్ళంటేనే ఎక్కువ భయం.

తీర్పు రావడానికి దాదాపు 13 ఏళ్ళు పట్టింది. 2021 మే 24న ఒంగోలు ఎనిమిదో అదనపు జిల్లా సెషన్స్ కోర్టు మున్నాతో కలిపి 12 మందికి ఉరిశిక్ష వేసింది, మరికొందరికి యావజ్జీవం. ఒకే తీర్పులో అంతమందికి ఉరి పడడం మన దగ్గర చాలా అరుదు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేస్తేనే అమలవుతుంది, ఆ పైన సుప్రీంకోర్టు ఉంది. అందుకని తీర్పు వచ్చిందంటే కథ అయిపోయినట్టు కాదు.

ఇప్పటి రోడ్డు మీద అదే నేరం అంత తేలిక కాదు. బండి ఎక్కడ ఆగిందో ఓనరు ఫోనులో కనపడుతుంది, ఫాస్టాగ్ వల్ల ఏ టోల్‌గేటు ఎప్పుడు దాటిందో తెలుస్తుంది, సరుకుకు ఈ-వే బిల్లు ఉంటుంది. ఇవన్నీ బండి కోసం, సరుకు కోసం పెట్టినవే. అయినా వాటి వల్ల డ్రైవరు కూడా బతుకుతున్నాడు, సంతోషమే.

తీర్పు వచ్చిన రోజు కరోనా కర్ఫ్యూ. నాయన అప్పటికే లారీ మానేసి ఇంట్లో ఉంటున్నాడు, చూపు సరిగా ఆనడం లేదు. ఫోనులో వార్త చదివి వినిపించమన్నాడు. 12 మందికి ఉరి అని చదివితే తల ఊపాడు. ముద్దాయిల పేర్లన్నీ చదివాను. తర్వాత చనిపోయినవాళ్ళ పేర్లు చదవమన్నాడు. వార్త కింది దాకా వెతికాను. డ్రైవర్లు, క్లీనర్లు అని ఉంది.

“క్లీనరు ఏ ఊరోడో రాశాడా అమ్మే?” అని అడిగాడు.

రాయలేదు నాయనా అన్నాను.