మీటర్‌లో రెండుసార్లు రెండు అంకెలు వస్తే దేన్ని నమ్మాలి?

మీ నాన్నగారికి కొత్తగా ఇన్సులిన్ పెట్టారు, పొద్దున్నే వెంటవెంటనే రెండుసార్లు షుగర్ చూస్తే 186, 171 వచ్చాయి, మీటర్ మార్చాలా, రోజుకి ఎన్నిసార్లు చూడాలి అని కదా అడిగారు.

మార్చక్కర్లేదు. ఇంట్లో వాడే మీటర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన ప్రమాణమే (2013 నాటి 15197) 100 దాటిన అంకెల్లో ల్యాబ్ లెక్కకి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చంటుంది. మేమూ ఇదే భయంతో మొదట్లో రెండో మీటర్ కొన్నాం. అప్పుడు రెండు మీటర్లు, నాలుగు అంకెలు. ఇంట్లో గొడవ తప్ప ఒరిగిందేం లేదు.

మా అమ్మ 9 ఏళ్ళు ఇన్సులిన్ మీద ఉంది. సూదీ స్ట్రిప్పూ అన్నీ నా చేతి మీదే. ఒక మే నెల మధ్యాహ్నం భోజనానికి ముందు చూస్తే 318! మనవలకి చిన్నరసాలు పిసికి ఇచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి కూర్చుందట. సబ్బుతో కడిగించి చూస్తే 152. ఆ 318ని నమ్మి నాలుగు యూనిట్లు ఎక్కువేసి ఉంటే ఏమయ్యేదో. కడిగాక చెయ్యి పూర్తిగా ఆరాలి, తడి ఉంటే రక్తం పలచనై తక్కువ చూపిస్తుంది. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. చుక్క రాకపోతే పిండెయ్యకండి, చెయ్యి కాసేపు కిందికి వేలాడేయమనండి.

ఎన్నిసార్లన్నది ఆయన వేసుకునే ఇన్సులిన్‌ని బట్టి డాక్టరే చెప్పాలి. అమ్మది రెండు పూటలా వేసే 30/70 మిక్స్, అంటే త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపిన ఇన్సులిన్. స్ట్రిప్ ఒక్కోటి మాకు 20 రూపాయల దాకా పడేది. అందుకని డాక్టర్ని అడిగి రోజుకి రెండు పెట్టుకున్నాం: పరగడుపున ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి. ఆదివారం మాత్రం తిన్న రెండు గంటలకి కూడా. అన్నీ పాల లెక్క రాసే క్యాలెండర్ గడిలోనే రాసేదాన్ని. పక్కనే ఎన్ని యూనిట్లు, ఏం తింది. "164, 18, పెసరట్లు 2" అని. ఉత్త అంకె రాసుకుంటే వారం తిరిగేసరికి అది ఎందుకొచ్చిందో మనకే గుర్తుండదు.

ఒక నెల పొద్దుటి అంకెలు 240, 96, 215, 110 అలా ఎగుడుదిగుడుగా వచ్చాయి. తిండి అదే, డోసు అదే. చాటుగా ఏదో తింటోందని అందరం అమ్మనే అనుమానించాం. పాపం, ఏమీ తినలేదు. డాక్టరు క్యాలెండర్ కాగితం చూసి పొట్ట చూపించమన్నారు. బొడ్డుకి కుడిపక్క తడిమితే ఉసిరికాయంత ఉబ్బు, రబ్బరులా. అక్కడైతే నొప్పి తెలీదని రోజూ అక్కడే పొడిపించుకునేది. అలాంటి చోట ఇన్సులిన్ ఒకరోజు బాగా ఇంకుతుంది, ఒకరోజు ఇంకదట. చోటు మార్చమన్నారు. మంచి చోట అదే మందు గట్టిగా పనిచేస్తుందని డోసు కూడా తగ్గించారు. అయినా మూడో రాత్రి రెండున్నరకి అమ్మ లేచి కూర్చుని "ఒళ్ళంతా వణుకుతోందే" అంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. చూస్తే 58.

70 కంటే తగ్గితే ఇక ఆలోచించొద్దు. మూడు టీ స్పూన్ల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. పెరక్కపోతే మళ్ళీ ఇవ్వండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. అమ్మకి రెండోసారి 83 వచ్చింది. రెండు బిస్కెట్లు తిని, "నీ నిద్ర పాడుచేశాను" అని నొచ్చుకుంది. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేస్తే రాత్రి డోసు ఇంకా తగ్గించారు. పంచదార డబ్బా వంటింట్లోంచి మంచం పక్కకి వచ్చేసింది.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. పెన్ను కాకుండా సీసా వాడుతుంటే దాని మీద 40 ఐయూ అని ఉందా, 100 ఐయూ అనా చూడండి. అంటే ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల మందు ఉందో ఆ లెక్క. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 మందుని ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 25 యూనిట్లు. మందుల షాపు కుర్రాడు ఒకసారి "ఏదైనా ఒకటేనండీ" అంటూ చేతికందింది ఇచ్చేశాడు. ఇంటికొచ్చాక మూత రంగు చూసి, అదే ఎండలో వెనక్కి తీసుకెళ్ళి మార్చుకొచ్చాను.