జార్జియా గురించి మళ్లీ రాసేటప్పుడు

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

జార్జియా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి పేరాలోనే అధికార పార్టీకి 'రష్యా అనుకూల', ప్రతిపక్షానికి 'పాశ్చాత్య అనుకూల' అని ముద్ర వేసేశావు. విదేశీ వార్తల డెస్కులో ముప్పై ఏళ్లు నేనూ అలాగే రాశాను. ఆ రెండు మాటల్లో అక్కడి మనుషులు కనిపించరు.

ముందు మ్యాపు దగ్గర పెట్టుకో. 2008 ఆగస్టులో రష్యాతో ఐదు రోజుల యుద్ధం తర్వాత జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా ప్రాంతాలను రష్యా వేరే దేశాలుగా గుర్తించి సైన్యాన్ని ఉంచేసింది. జార్జియా భూమిలో అది సుమారు ఐదో వంతు. దక్షిణ ఒసేతియా అంచున ఉన్న ఖుర్వలేతి లాంటి ఊళ్లలో ముళ్లకంచె పొలాల మధ్యలోంచే పోతుంది. ఇల్లు ఇటు, తోట అటు. తాతముత్తాతల సమాధుల దగ్గరికి వెళ్లాలన్నా కంచె అడ్డం.

ఇప్పుడు 2024 అక్టోబరు ఎన్నికల పోస్టర్లు చూడు. ఒక పక్క బాంబులకు కూలిన ఉక్రెయిన్ భవనాలు, నలుపు తెలుపుల్లో. పక్కనే చెక్కుచెదరని జార్జియా, రంగుల్లో. వేసింది అధికారంలో ఉన్న జార్జియన్ డ్రీమ్ పార్టీ. కంచె పక్కన బతికేవాళ్ల భయం నిజమైనదే. దాన్ని ఓట్ల కోసం వాడుకున్నదీ నిజమే. రెండూ రాయి, ఒకటి దాచకు.

ద్రాక్ష రైతు గురించి ఒక్క ముక్క కూడా లేదేం? 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. పెద్ద మార్కెట్ రాత్రికి రాత్రే పోయింది. 2013లో మళ్లీ తలుపు తెరిచింది, మళ్లీ అన్నిటికన్నా ఎక్కువగా కొనేది రష్యానే అయింది. కోతల రోజుల్లో ద్రాక్ష పండే కాఖేటి ప్రాంతపు రైతుకు ఉండే టెన్షన్ ఏమిటో దీన్నిబట్టి రాయొచ్చు.

రాజధాని టిబిలిసిలో పార్లమెంటు ఉన్న రుస్తావెలి వీధిని మాత్రం తేలిగ్గా దాటేయకు. యూరోపియన్ యూనియన్‌లో చేరేందుకు కృషి చేయాలని వాళ్ల రాజ్యాంగం 78వ అధికరణంలోనే ఉంది. 2023 డిసెంబరులో అభ్యర్థి హోదా కూడా వచ్చింది. అలాంటిది 2028 చివరి దాకా చేరిక చర్చల ఊసే ఎత్తబోమని 2024 నవంబరు 28న ప్రధాని కొబాఖిద్జే ప్రకటిస్తే, ఆ రాత్రే జనం పార్లమెంటు ముందుకు వచ్చేశారు. వాళ్లను ఎవరో డబ్బిచ్చి తెచ్చారన్న మాట నీ వ్యాసంలో ఆధారం లేకుండా వచ్చింది. అది తీసెయ్యి, నాకు బాధేసింది.

మన పిల్లలు ఎందరో టిబిలిసిలో మెడిసిన్ చదువుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు నీ ప్రతి వాక్యాన్నీ భయంభయంగా చదువుతారు.

తిరగరాసి ఆదివారం లోపు పంపు. రాత్రి ఎంతైనా సరే, చూసి పెడతాను.

పెదనాన్న